అత్త తినే ఓట్స్ ముక్కలు

ఖమ్మం దవాఖానాలో నర్సుగా చేరడానికి భానుకు అదే ఆఖరి రోజు.

"నువ్వు చేసే ఓట్స్ ముక్కలు తప్ప అమ్మ ఏం ముడుతలేదు. నువ్వు పోతే ఎట్ల?" అనేసి భర్త గనిలో డ్యూటీకి వెళ్లిపోయాడు.

భాను ఓట్స్‌లో వెన్న, బెల్లం పాకం కలిపి ఓవెన్‌లో పెట్టింది. ఆ తీపి వాసనకి ఇరుకు క్వార్టర్‌లో ఊపిరాడలేదు.

వేళ్లకంటుకునే మెత్తని ముక్క తుంచి, పళ్లులేని అత్త మోతీబాయి నోటికి అందించింది. ఆమె తల తిప్పుకుంది.

"ఏందత్తా, మంచిగ లేదా?"

"నాకు తీపి ఎన్నడూ పడదు బిడ్డా. నువ్వు మనసుపెట్టి చేస్తున్నవని తిన్న. జావ కాసుకునుడు నాకు రాదా? జల్దీ పో, మళ్ల బస్సు దొరకదు."