పక్కింటి సిగ్నల్ పట్టిన చెయ్యి

ఆ రోజుల్లో, చెయ్యి పోయినవాళ్లు పెట్టించుకునే మరచేతులన్నీ ఇంటి వైఫై మీదే నడిచేవి. పక్క ఫ్లాటు జోగారావు కొత్త రౌటర్ పెట్టినప్పటినుంచి మంగతాయారు కుడి మరచెయ్యి మాట వినడం మానేసింది.

"నీ సిగ్నల్ నా చేతికి అడ్డొస్తోంది, రౌటర్ ఛానెల్ మార్చు బాబూ" అని రెండుసార్లు బతిమాలింది.

"మీరే మార్చుకోండి" అన్నాడతను.

ఆ ఉదయం మనవరాలికి జడ వేస్తుండగా మరచెయ్యి పిల్ల మెడ పట్టి బిగించింది. పిల్ల కళ్లు తేలేసింది. మంగతాయారు ఎడంచేత్తో పచ్చడిబండ అందుకుని, వేళ్లు విడిపోయేదాకా ఆ మణికట్టును చితక్కొట్టింది. పిల్ల ఊపిరి పీల్చుకున్నాక, అదే బండతో పక్కింట్లోకి దూసుకెళ్లి రౌటర్‌ను నుగ్గు చేసింది.

"పోలీసుల్ని పిలుస్తా!" అని జోగారావు ఫోన్ తీశాడు. ఇంతలో పిల్ల గుమ్మంలోకి వచ్చింది. దాని మెడ మీది వేళ్ల గుర్తులు చూసి అతను ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

మంగతాయారు బండ కింద పడేసి, "రా తల్లీ" అని ఎడంచెయ్యి చాచింది.

పిల్ల వెనక్కి జరిగింది.