వరసలో చెప్పులు

దీవి నుంచి వైజాగ్ వెళ్లే ఓడ టికెట్ల కౌంటరు ఇంకా తెరవలేదు. వరసలో మనుషులకు బదులు సంచీలూ చెప్పులూ నిలబడి ఉన్నాయి.

"తెల్లారకముందే నా సంచీ అందరికన్నా ముందు పెట్టినాను. దాని ముందు ఈ రెండు జతల చెప్పులేటి?" అంది కాసులమ్మ.

"మొదటి జత నారాయణమూర్తి మాస్టారిది దీదీ," అన్నాడు సత్యారావు. జిల్లా పరిషత్ ఎన్నికల్లో మాస్టారి తరఫున ప్రచారమంతా అతనిదే. "వాళ్లావిడకి వైజాగ్‌లో కంటి ఆపరేషన్. లంచం, సిఫారసు అంటే ఆయనకి పడదు కదా! అందుకే నేనే తెచ్చి ముందు పెట్టినాను."

"ఆయనకి తెలుసా?"

"చెప్తే ఒప్పుకోరు."

అంతలో మాస్టారే ఉత్త కాళ్లతో వచ్చారు. ఓటు అడగడానికి ఒకరింట్లోకి వెళ్లి వచ్చేసరికి గుమ్మం ముందు చెప్పులు లేవట. ఇక్కడ కనిపించేసరికి సంగతి అడిగి తెలుసుకున్నారు. వాటిని తొడుక్కుని, వెళ్లి వరస చివర నిలబడ్డారు.

సత్యారావు పొంగిపోయాడు. "నీతికే మన ఓటు!" అని పిడికిలి ఎత్తి అరిచాడు. నలుగురైదుగురు గొంతు కలిపారు.

కాసులమ్మ తన సంచీని ఒక జానెడు ముందుకి జరిపింది. అయినా అది రెండో స్థానంలోనే ఉంది.

"నా ఓటు ఆయనకే భయ్యా. మరి ఈ రెండో జత ఎవులిది?"

అందరూ సత్యారావు వైపు చూశారు. పిడికిలి ఇంకా పైనే ఉంది. కాళ్లకి మాత్రం చెప్పుల్లేవు.