కుక్క మెడలో పట్టీ

రొయ్యలు వలిచే మా షెడ్డులో అందరి చేతికీ కంపెనీ పట్టీ ఉంటుంది. ఇష్టపడి పనిచేస్తుంటే పచ్చగా, బలవంతం మీదైతే ఎర్రగా వెలుగుతుంది. ఎవరెక్కడున్నారో గోడమీది తెరకు చెబుతుంది కూడా. మా రొయ్యలు కొనే విదేశాలవాళ్లు ఆ పచ్చరంగు చూస్తే గాని ముద్ద ముట్టరట. ఎంత సుకుమారపు నోళ్లో!

వాళ్లమ్మ మంచాన పడిందని కబురొచ్చిన దగ్గర్నుంచీ తవుడమ్మ పట్టీ ఎరుపే. గేటు తాళం తీస్తే చాలు, పచ్చబడేది. ఆ ముక్క మాత్రం ఎవరికీ తోచలేదు. సూపర్‌వైజరు వీరభద్రం ఆ పట్టీ ఊడదీసి తన కుక్క మెడకు కట్టాడు. క్షణంలో పచ్చబడింది.

నిన్న ఆ కుక్క గేటు కిందనుంచి దూరి పారిపోయింది. వెంటనే షెడ్డు గోడమీది తెర మోగింది: "తవుడమ్మ సముద్రపు ఒడ్డున స్వేచ్ఛగా షికారు చేస్తోంది." కంపెనీ పెద్దలు ఫోన్లోనే చప్పట్లు కొట్టి, మా షెడ్డుకు బహుమతి ప్రకటించారు.

ఐసులోంచి చేతులు తియ్యకుండానే తవుడమ్మ అడిగింది: "బాబూ, ఒక్కసారి అమ్మని చూసొస్తాను. గేటు తియ్యండి."

వీరభద్రం తాళం లాగి చూసుకున్నాడు.

"తెరమీద చూడలేదా? నువ్వు బయటే ఉన్నావు కదే, మళ్లీ గేటెందుకు?"