గుణుపురం బస్సు

రాయగడ బస్టాండులో నులక మంచం దించారు. మంచం మీద ఎనిమిదేళ్ళ నీలవేణి. పొద్దుటే నారుమడిలో పాము కరిచింది. కాలు మోకాలిదాకా వాచింది. కనురెప్పలు వాలిపోతున్నాయి.

తండ్రి అసిరయ్య కనిపించినవాళ్ళందరినీ గుణుపురం బస్సు ఎప్పుడని అడుగుతున్నాడు. స్వరాజ్యం వచ్చి పదేళ్ళయినా ఆ చుట్టుపక్కల పాముకాటుకు దారి ఒకటే. గుణుపురం దాలయ్య. బొడ్డుదాకా గడ్డం, నోట్లో మంత్రం. ఆయన్ను చూడనివాళ్ళు కూడా ఆయన పేరు చెప్పి దండం పెడతారు.

“బస్సొద్దు నాయనా,” అన్నాడొక ముసలాయన, మంచానికి అడ్డంగా నిలబడి. “అదిగో, ఆ పెంకుటిల్లే ఆసుపత్రి. ఇసానికి సూదిమందు వొచ్చినాది. గుణుపురం మూడు గంటలు. అమ్మి అందాకా ఆగదు.”

మనిషి ఎండకు కమిలి ఉన్నాడు. కొత్తగా గొరిగించుకున్నట్టుంది, చెంపలూ చుబుకం మాత్రం ఎండ తగలనట్టు తెల్లగా ఉన్నాయి. ఇరవై రోజులుగా రోజూ ఈ బస్సు వేళకు వస్తాడు. పాముకాటు వాళ్ళు కనిపిస్తే అడ్డం పడతాడు. ఎవరూ వినరు. ఒకసారి ఎవరో చెయ్యి కూడా చేసుకున్నారు. మర్నాడు మళ్ళీ వచ్చాడు.

“ఈయన మాట పట్టించుకోకండి,” అన్నాడు టీ దుకాణం అప్పలనరసింహం. “మొన్న ఎండల్లో దాలయ్య కూతురు రామతులసిని నాగుపాము కరిచినాది. మూడు రోజులు పీనుగలా పడుంది. దాలయ్య మంత్రం ఆపనేదు. మూడోనాడు లేచి గంజి తాగినాది. ఊరూరా తెలుసు.”

“లేవనేదు,” అన్నాడు ముసలాయన. “కరిచిన రాత్రే సచ్చిపోనాది. దాహం, దాహం అన్నాది. మంత్రం మధ్యలో నీళ్ళివ్వకూడదని ఇవ్వనేదు.”

“నువ్వు సూసేవా?”

“సూసేను. పక్కనే ఉన్నాను.”

“ఉంటే మరి ఆసుపత్రికి ఎత్తుకెళ్ళనేదేం?”

ముసలాయన ఆసుపత్రి పెంకుటింటి వైపు చూశాడు. “బతికుంటే ఆ పిల్ల ఏదీ? ఎవులైనా సూసేరా?” అన్నాడు.

“దిష్టి తగులుతాదని పార్వతీపురం పంపించేరు, మేనమామ ఇంటికి.”

అప్పలనరసింహం దగ్గర అన్నిటికీ జవాబుంది.

“సగం పాములకి ఇసమే ఉండదు బావూ,” అన్నాడు ముసలాయన. “అయి కరిచినోళ్ళే బతికేరు. ఇసం పాము కరిచినోళ్ళు దాలయ్య గుమ్మంలోనే పోయేరు.”

“పోయినోళ్ళకి భక్తి నేదు.”

“బతికితే మంత్రం. సస్తే భక్తి నేదు. మరి మంత్రం ఉత్తిదైతే ఎలాగ తెలుస్తాది?”

అప్పలనరసింహం నవ్వాడు. “దాలయ్యే తన నోటితో సెప్పేడంట, నా మంత్రం ఉత్తిది, ఆసుపత్రికి పొండి అని. జనం కదిలేరా? పరీక్ష పెడుతున్నాడని గుమ్మం ముందే కూకున్నారు. ఆయన ఇల్లొదిలి కొండెక్కేడంట. భక్తి ఉన్నోడికి కనపడతాడు. అదీ గొప్పతనం.”

చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ముసలాయన అందరి మొహాలూ చూశాడు. ఒక్క మొహంలోనూ అనుమానం లేదు. చచ్చిపోయిన పిల్ల చేత గంజి తాగించినవాళ్ళకు ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి? ఆయనకు ఏడుపొచ్చింది.

బస్సు వచ్చి ఆగింది. అసిరయ్యా మిగతావాళ్ళూ మంచం ఎత్తారు.

నీలవేణి పెదాలు కదిలాయి. “నాన్నా, దాహం.”

ముసలాయన ఉన్నపళంగా అసిరయ్య కాళ్ళ మీద పడ్డాడు.

“అబద్ధం ఆడేను నాయనా. దాలయ్యంటే కడుపుమంట, అందుకే ఆడేను. ఇప్పుడు నిజం సెప్తాను, ఇను. దాలయ్య తన కూతుర్ని ముందు ఈ ఆసుపత్రికే తెచ్చేడు. సూది పొడిపించేడు. ఆ తరవాతే మంత్రం ఏసేడు. మంత్రం గుట్టు అదే. సూది పడ్డాకే మంత్రం పారతాది. ఎవులికీ సెప్పొద్దన్నాడు.”

చుట్టూ ఉన్నవాళ్ళు దగ్గరికి జరిగారు.

“అలా సెప్పు మరి,” అన్నాడు అప్పలనరసింహం తృప్తిగా. “నాకప్పుడే అనుమానమొచ్చినాది, దాలయ్య మంత్రంలో ఏదో గుట్టుందని.”

కండక్టరు తొందరపెడుతున్నాడు. అసిరయ్య ఒక్క క్షణం బస్సు వైపు చూశాడు. తరవాత మంచం ఆసుపత్రి వైపు తిప్పించాడు.

కాని తల్లి గున్నమ్మ మంచంకోడు పట్టుకుని కదలనివ్వలేదు. ఇందాకటి నుంచి ఒక్క మాట మాట్లాడని మనిషి. ముసలాయన కళ్ళలోకి సూటిగా చూసింది.

“ఆ సూది పొడిస్తే ఆ అమ్మి బతికినాదా తాతా? నా బిడ్డ మీద సెయ్యేసి సెప్పు.”

ముసలాయన వంగి, నీలవేణి నుదుటి మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

“బతికినాదమ్మా,” అన్నాడు దాలయ్య.