చుట్టుదారి

“ట్యాగ్ ఉంచుకుని ఈ లైన్లోకొచ్చారేంటి సార్? అటు వెళ్తే ఆగకుండా పోయేవారుగా” అంది టోల్ బూత్‌లో అమ్మాయి.

అద్దం మీది స్టిక్కరును అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాడతను. “పొరపాటైందమ్మా” అని నోటు అందించాడు.

అతను డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. “బోర్డు చదువు, లైను చూసుకో” అని పొద్దస్తమానం జనాన్ని కేకలేసే మనిషి. అలాంటివాడు తనే నగదు లైన్లో దూరి, లారీల వెనక చాలాసేపు పడిగాపులు పడ్డాడు. ఇంకో రోజైతే పక్క సీట్లోని భార్య దులిపేసేది. ఈ రోజు వెనక్కి తిరిగి పాప దుప్పటి సర్దింది.

వెనక సీట్లో పిచిక మాత్రం పండగ చేసుకుంటోంది. దాని అసలు పేరు వేరే. నిద్రలో తప్ప నోరు మూయదని ఇంట్లో ఆ పేరు పడింది. ఇంకా బడి వయసు రాలేదు. పక్కనంతా దాని సామానే. రబ్బరు బూట్లు, గుడ్డ ఏనుగు, దిండు, దుప్పటి.

“నాన్నా, కర్ర లేచింది! మనకోసమే లేచింది!”

“మనకోసమే తల్లీ” అన్నాడు.

తర్వాత వంతెన వచ్చింది. అక్కడి టోల్ పిచికే కడతానంది. వెనక కిటికీలోంచి నోటు ఊపింది. బూత్‌లోని ముసలాయన నడుం దాకా బయటికి వంగి అందుకున్నాడు.

“చిల్లర నీకివ్వాలా, మీ నాన్నకా?”

“నాకే!”

వంతెన దాటాక దానికి మళ్లీ దాటాలనిపించింది. అతను మారుమాట లేకుండా కారు వెనక్కి తిప్పాడు. వచ్చాడు. మళ్లీ దాటాడు. ఇంకోసారి అంది. మళ్లీ తిప్పాడు. పార్కింగ్ దగ్గర అర్ధరూపాయికి కూడా పేచీ పెట్టే భార్య, తన సంచీలోంచే నోట్లు తీసి పాప చేతికిచ్చింది.

ముసలాయన ఇక ఉండబట్టలేకపోయాడు.

“దారి తప్పారా బాబూ? ఎక్కడికి వెళ్లాలి?”

అతను చెప్పాడు.

“అయ్యో, దానికి ఈ వంతెనెందుకు, ఆ సొరంగమెందుకు? పాత రోడ్డున పోతే పక్కనేగా. ఒక్క టోలూ లేదు.”

“తెలుసండీ.”

“తెలిసి తెలిసి డబ్బులు నీళ్లలో పారేస్తున్నారా?”

“కింద ఉన్నవి నీళ్లేగా తాతా!” అంది పిచిక.

ముసలాయన పకపకా నవ్వాడు. భార్య కూడా నవ్వింది. నవ్వి, మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

వంతెన మధ్యలో ఉండగా ఫోన్ మోగింది. అతను కారు మెల్లగా పోనిస్తూ స్పీకరు నొక్కాడు.

“ఎక్కడిదాకా వచ్చారండీ? ఇక్కడ ఎదురుచూస్తున్నారు” అంది ఒక మగ గొంతు.

“వచ్చేస్తున్నామండీ. టోల్ దగ్గర ఇరుక్కుపోయాం. పెద్ద క్యూ.”

ముందు ఒక్క బండి లేదు.

“అబద్ధం! నాన్న అబద్ధం చెప్పాడు!” అని చప్పట్లు కొట్టింది పిచిక.

అతను ఫోన్ పెట్టేసి, గొంతు తగ్గించి భార్యనడిగాడు. “ఇంకోసారి తిప్పనా?”

“ఎన్నిసార్లు తిప్పినా వెళ్లాల్సిందేగా” అందామె.

సొరంగం ముందు ఆఖరి టోల్. డబ్బు కట్టాడు. కర్ర లేచింది. కారు మాత్రం కదల్లేదు. ఒక్క కుదుపు కుదిపి ఇంజను ఆగిపోయింది. కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసే తప్పు. మళ్లీ స్టార్టు చేశాడు. మళ్లీ ఆగింది.

వెనక హారన్లు మొదలయ్యాయి. ఎవడో తల బయటపెట్టి అరిచాడు. “ఎవరయ్యా నీకు లైసెన్సిచ్చింది?”

పిచిక కిలకిలా నవ్వింది. “మా నాన్నే అందరికీ నేర్పిస్తాడు!” అని వాడికి గట్టిగా చెప్పింది.

అతను స్టీరింగును పట్టుకుని అలాగే కూర్చున్నాడు. భార్య అతని చేతి మీద చెయ్యి వేసింది.

“పదండి. దానికి ఆకలి వేళవుతుంది.”

మూడోసారి కారు కదిలింది.

సొరంగంలో పిచిక అద్దం దించమంది. మెడ సాచి, ఉన్న బలమంతా పెట్టి అరిచింది.

“నాన్నా!”

సొరంగం ఆ మాటను పట్టుకుని ఆ చివరిదాకా పంపింది. నాన్నా, నాన్నా, నాన్నా.

“ఇంకోసారి అనవే పిచికా” అన్నాడు.

అంది. మళ్లీ అనమన్నాడు. మళ్లీ అంది. వెనక బండ్లు లైట్లు కొడుతున్నా అతను వేగం పెంచలేదు. అయినా సొరంగం అయిపోయింది.

అవతల ఎక్కువ దూరం లేదు. రెండు మలుపులు తిరిగితే ఆకుపచ్చ గేటు, చిన్న ఇల్లు. ముందు ఖాళీలో ఉయ్యాల వేలాడుతోంది. దాని గొలుసులు ఇంకా కొత్తగా మెరుస్తున్నాయి. మెట్ల మీద ఒక ఆవిడ నిలబడి ఉంది. ఎదురు రావాలో, అక్కడే ఉండాలో తేల్చుకోలేనట్టు ఒక మెట్టు దిగి ఆగిపోయింది. ఆమె పక్కన ఫైలు పట్టుకుని ఒకాయన.

అతను ఇంజను ఆపాడు. ఎవరూ తలుపు తీయలేదు.

పిచిక రెండు సీట్ల మధ్యలోంచి తల పెట్టి చూసింది. “ఎవరు నాన్నా ఆవిడ? ఎందుకేడుస్తోంది?”

“నిన్ను కన్న అమ్మ” అన్నాడతను, పాపను అప్పగించమని కోర్టు పెట్టిన గడువులో ఇంకేమైనా మిగిలిందేమోనని గడియారం చూసుకుంటూ.