ఎర్రకాలి చిలుకలు

చెప్పులు చేత్తో పట్టుకుని మెయిస్కె పడవల రేవు నుంచి ఇంటిదాకా పరుగెత్తుకొచ్చింది. ఆ దీవిలో సిగ్నల్ రేవు చివర మాత్రమే అందుతుంది. శుభవార్తా అక్కడే అందింది.

మొగుడు ఆల్‌ఫ్రిట్స్ పడవ ఇంజను విప్పుకుని వాకిట్లో కూర్చున్నాడు.

"ప్రొఫెసర్ గారు ఫొటో చూశారట. ఇంతవరకు ఎవరికీ తెలియని రకం కావచ్చన్నారు," అంది రొప్పుతూ.

"ఏది, ఆ తలకిందుల చిలుకా?"

"అదే."

అతను గ్రీజు చేతులతోనే ఆమెను ఎత్తి గిర్రున తిప్పాడు. గౌను పాడైంది. ఆమెకు పట్టలేదు.

పెళ్లికి ముందు నుంచీ మెయిస్కెది పక్షుల పరిశోధన. గబ్బిలాల్లా తలకిందులుగా వేలాడి నిద్రపోయే ఆ బుల్లి ఆకుపచ్చ చిలుకలన్నీ ఒకే ప్రజాతి. కానీ సముద్రం అడ్డొచ్చిన చోటల్లా రకం మారుతుంది. ఒక దీవిలో నుదురు ఎరుపు, ఇంకో దీవిలో గొంతు ఎరుపు. "మా ఊళ్లో ఇంటికో రకం మిరప పచ్చడి ఉన్నట్టు," అంటాడు ఆల్‌ఫ్రిట్స్. ఈ దీవిలో మాత్రం అవి ఉన్నట్టు ఏ పటమూ చెప్పదు. కిందటి వారం చర్చి వెనక లవంగాల తోటలో ఆమెకు ఒక జంట కనిపించేదాకా ఆమే నమ్మేది కాదు.

కొత్త రకమని తేలితే ఇక్కడే పరిశోధన కేంద్రం పెడతారు, దాన్ని ఆమే చూసుకోవాలి. తేలకపోతే ఆదివారం పడవకి ఆమె నగరంలో ఉద్యోగానికి వెళ్లిపోవాలి. తర్వాత ఈస్టరుకొకసారి, క్రిస్మసుకొకసారి మొగుడి మొహం చూడటమే.

పక్కింటావిడ తమ ఇంట్లో పెళ్లికి తీసుకెళ్లిన పెద్ద గిన్నె తెచ్చి అరుగు మీద పెట్టి వెళ్లింది. అత్తగారు నోర్చె వంటింట్లోంచి వచ్చి, గిన్నె చెవికున్న ఎర్రదారం సరిచూసుకుంది.

"నా దారం కట్టింది ఏదైనా గడప దాటితే మళ్లీ ఇంటికి రావలసిందే. అడుగు మాత్రం తోమలేదు, మహాతల్లి," అని సణుక్కుంటూ లోపలికి వెళ్లింది.

ఆల్‌ఫ్రిట్స్ నవ్వు ఆపుకుని ఫోను చేతిలోకి తీసుకున్నాడు. దూరం నుంచి తీసిన ఫొటో, కాస్త మసకగా ఉంది. "ఇందులో కొత్తేముంది?"

"కాళ్లు చూడు. రెండింటికీ ఎడమకాలి మీద సన్నటి ఎర్ర పట్టీ. ఈ ప్రజాతిలో ఎక్కడా లేదట."

"నీకింత చూపుందని తెలీదు మేడం. పెళ్లినాడు పావురాల కోసం మావయ్య దీవులన్నీ గాలించి ఒక జంట తెస్తే, చర్చి ముందు బుట్ట మూత తీసినప్పుడు నువ్వు వాటివైపు తలైనా ఎత్తలేదు."

"ముసుగు మొహానికి చుట్టుకుంటే ఏం కనిపిస్తుంది? రెక్కల చప్పుడు విన్నానంతే. నువ్వు చూశావేంటి?"

"నేను నిన్ను చూస్తున్నా."

మెయిస్కె ఫోను లాక్కుంది. బుగ్గలు ఎర్రబడ్డాయి.

మధ్యాహ్నానికి ఊరంతా తెలిసిపోయింది. ఆ చిలుకకు తన పేరు పెట్టమని ఊరిపెద్ద కబురు పంపాడు. కేంద్రానికి కావాలంటే తన పాత గోదాము ఇస్తానన్నాడు పాస్టరు. ఆల్‌ఫ్రిట్స్ అప్పుడే పడకగదికి ఇంకో అల్మరా కొలతలు తీస్తున్నాడు.

సాయంత్రం కాల్చిన చేప వడ్డిస్తున్న అత్తగారికి మెయిస్కె అంతా మొదటి నుంచీ చెప్పింది. రేపు తెల్లవారగానే ప్రొఫెసర్ గారు వలలతో వస్తారని, తోటలో ఆ రెండింటినీ దెబ్బ తగలకుండా పట్టి, కొలిచి, మళ్లీ వదిలేస్తారని.

"అంటే నువ్వు ఇక్కడే ఉంటావన్నమాట," అంది నోర్చె. కళ్లజోడు పెట్టుకుని ఫొటోను దగ్గరగా, దూరంగా జరిపి చూసింది. ఆమె మొహం విప్పారింది.

"రేపు పట్టుకున్నప్పుడు, మీ పెళ్లినాడు వీటి కాళ్లకి నేను కట్టిన దారాలు విప్పేయమనవే."