రాచర్ల గేటు దగ్గర పడే రైలు

రాచర్ల గేటు దాటగానే రైలు మళ్లీ పట్టాలు తప్పింది. ఇంజనూ, వెనక నాలుగు పెట్టెలూ పక్కకు ఒరిగాయి. అదృష్టం, లోపల మనుషులెవరూ లేరు. అది గిద్దలూరులో శ్యాంసన్ ఇంటి నడిమి గదిలో, రెండు బల్లల మీద తిరిగే బొమ్మ రైలు.

శ్యాంసన్ రైల్వేలో కీమ్యాన్‌గా చేసి రిటైరయ్యాడు. సుత్తి, స్పానరు పట్టుకుని రోజూ పట్టాల వెంట నడిచి, వదులైనవి బిగించే పని. ముప్పై ఏళ్లలో ఆయన బీటులో ఒక్క బండీ పడలేదు. ఇప్పుడు కంభం నుంచి గిద్దలూరు దాకా లైను ఇంట్లోనే వేసుకున్నాడు. మార్కాపురం పలక ముక్కలు నలగ్గొట్టి కంకర కూడా పోశాడు.

“నిన్న సాయంత్రమే గదా బిగించినా. ఎట్ల వదులైతాది?” అన్నాడు భార్యతో.

“ఎండకు సాగిందేమోలే,” అంది రోశమ్మ, మొహం తిప్పుకుని.

ఎండా లేదు, పాడూ లేదు. రోజూ పొద్దున ఆయన పాలకు పోగానే గేటు పక్క పట్టాల అతుకు దగ్గర స్క్రూ అర చుట్టు వదులు చేసేది ఆవిడే.

చేయక ఏం చేస్తుంది? కొత్త లైను పనికి రమ్మని సూపర్‌వైజరు శ్రీకాంత్ కబురు పెట్టాడు. పగలంతా ఎండలో నడవాలి, అక్కడే రేకుల షెడ్డులో ఉండాలి. ఈయన గుండెకు స్టెంటు వేసి ఏడాది కాలేదు. చెబితే వినే మనిషా?

“ఈ బండి వరసగా పది రోజులు పడకుండా తిరగనీ, మర్నాడే పోతా. ఇంట్లో పట్టాలే నిలబెట్టలేనోన్ని, ఆడికి ఏ మొగం పెట్టుకుని పోయేది?” అన్నాడు శ్యాంసన్.

రోశమ్మకు ఆ మాట చాలింది. మూడు నెలలైంది, బండి వరసగా రెండు రోజులు నడవలేదు. చర్చిలో మాత్రం, ఆయన బండి నిలబడాలని అందరితో ప్రార్థన చేయించింది. ఆ పాపం క్షమించమని ఇంట్లో వేరే ప్రార్థన చేసుకుంది.

ఒక పొద్దున శ్యాంసన్ పాలకు పోయిన వేళ, శ్రీకాంత్ బైకు వాకిట్లో ఆగింది. రోశమ్మ గబగబా ఎదురొచ్చింది.

“ఆయన ఇప్పుడే రాలేడు నాయనా. రైలు ఇంకా పడతానే ఉండాది,” అంది గుమ్మంలోనే.

శ్రీకాంత్ నవ్వాడు.

“చెల్లెలి పెళ్లికార్డు ఇయ్యడానికి వచ్చినా అత్తా. పనికి రానని మామ మొదటి నెలలోనే చెప్పినాడు, ‘నేనొస్తే మీ అత్త పొద్దున్నే విప్పే స్క్రూ సాయంత్రం ఎవరు బిగిస్తారు’ అని.”